కొత్త లాప్‌టాప్, నలభై ఎనిమిది అంకెలు

ఫస్టియర్ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు హాస్టల్‌కి వచ్చి రెండు వారాలైంది. మా వరండాలో రోజుకో కొత్త లాప్‌టాప్ డబ్బా కనిపిస్తోంది. "అక్కా, ఇందులో ఏమేమి వేసుకోవాలి?" అని అడగడానికి వచ్చేవాళ్ళు చాలామంది ముందుగా చెప్పే మాట ఒకటుంది. "షాపులోనే అంతా సెట్ చేసి ఇచ్చారక్కా!" ఆ మాట వినగానే నా గుండె గుభేలుమంటుంది. ఎందుకో చెప్పాలంటే నా కథ చెప్పాలి. ఏమేమి వేసుకోవాలన్నది ఆ తర్వాత చూద్దాం. నిజానికి అది చిన్న సంగతి.

నా లాప్‌టాప్ విజయవాడలో కొన్నాం. నాన్న, బాబాయి, నేను వెళ్ళాం. మినుములు అమ్మిన డబ్బు నాన్న నా చదువుకని పక్కన పెట్టాడు, అందులోంచి యాభై ఎనిమిది వేలు. నాన్న నోట్లు లెక్కపెడుతుంటే కౌంటర్‌లో ఉన్నతను, "మీరు టీ తాగి రండి సార్, గంటలో రెడీ చేసి ఇచ్చేస్తాం. ఆఫీసు, యాంటీవైరస్, సినిమాల ప్లేయర్, అన్నీ వేసేస్తాడు మా కుర్రాడు" అన్నాడు. నేను మొహమాటంగా, "నేను చేసుకుంటానండీ" అన్నాను. "నీకెందుకమ్మా ఆ తలనొప్పి, తప్పు నొక్కితే వారంటీ పోతుంది" అన్నాడు. నాన్న నా వంక చూశాడు. వారంటీ మాట విన్నాక ఇంకేం మాట్లాడతాం! టీ తాగి వచ్చాం. తెర మీద 'స్టూడెంట్' అనే పేరుతో అంతా తయారుగా ఉంది. పాస్‌వర్డ్ ఒకటి నుంచి నాలుగు. ఐదు వందలు అదనం.

ఏడాదిన్నర బాగానే నడిచింది. సెకండియర్ రెండో సెమిస్టర్‌లో ఒక రాత్రి కరెంటు పోయి వచ్చింది. అప్పటికి ఛార్జర్ గోడకే ఉంది. ఆ తర్వాత లాప్‌టాప్ లేవలేదు. వారంటీ రెండేళ్ళు కావడంతో సర్వీసు సెంటర్‌వాళ్ళు మదర్‌బోర్డు ఉచితంగానే మార్చి ఇచ్చారు. సంతోషంగా తెచ్చుకుని ఆన్ చేస్తే నీలం రంగు తెర వచ్చింది. బిట్‌లాకర్ రికవరీ కీ కొట్టమంది. నలభై ఎనిమిది అంకెలు. నేను ఆ పేరు వినడం అదే మొదటిసారి.

సర్వీసు సెంటర్‌కి ఫోన్ చేశాను. "కీ ఉందామ్మా?" లేదన్నాను. "అయితే ఫార్మాట్ కొట్టడమే. డేటా ఏమైనా ఉందా?"

ఉంది. మినీ ప్రాజెక్టు ఉంది, అది టీమ్‌మేట్ దగ్గర కూడా ఉంది కాబట్టి బెంగలేదు. అసలు బెంగ మా అమ్మమ్మ పాటల గురించి. ఈ పత్రిక కోసమే సంక్రాంతి సెలవుల్లో మా అమ్మమ్మ చేత నాట్ల పాటలు, దంపుళ్ళ పాటలు పాడించి ఫోన్‌లో రికార్డు చేశాను. ముప్ఫై ఒకటి. ఫోన్‌లో చోటు లేదని లాప్‌టాప్‌లోకి ఎక్కించి ఫోన్‌లోవి తీసేశాను. ఒకే ఒక్క కాపీ. మళ్ళీ పాడించొచ్చుగా అంటారేమో. మా అమ్మమ్మని అడిగాను కూడా. "అప్పుడేదో నోటికొచ్చింది పాడానే, ఇప్పుడు గుర్తు తెచ్చుకోమంటే ఎట్టా!" అంది.

ఇంతకీ ఆ నీలం తెర ఎందుకొచ్చింది? ఇప్పటి విండోస్ లాప్‌టాప్‌లలో డిస్కు మీద ఉన్నదంతా తాళం వేసి, అంటే ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచుతారు. లాప్‌టాప్ దొంగతనం జరిగినా, అందులోని ఎస్‌ఎస్‌డీ పీకి వేరే మెషీన్‌కి తగిలించినా ఏమీ చదవలేరు. మంచి ఏర్పాటే. రోజూ మనకి ఆ తాళం సంగతి తెలియకపోవడానికి కారణం టీపీఎం అనే భద్రతా చిప్పు. మదర్‌బోర్డు మీదో, ప్రాసెసర్‌లోపలో ఉంటుంది. మనం ఆన్ చేయగానే, మెషీన్ పాతదే, ఏమీ మారలేదు అని చూసుకుని అదే తాళం తీస్తుంది. మదర్‌బోర్డు మారితే ఆ చిప్పూ మారిపోతుంది. కొత్త చిప్పుకి మన డిస్కు ఎవరిదో తెలియదు. అప్పుడే రికవరీ కీ అడుగుతుంది. బయోస్ అప్‌డేట్ తర్వాతో, లైనక్స్ వేసుకోవడానికి సెక్యూర్ బూట్ ఆపినప్పుడో కూడా ఇలా అడగొచ్చు.

మరి ఆ కీ ఎక్కడుంటుంది? మొదటిసారి సెటప్ చేసేటప్పుడు ఏ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే ఆ అకౌంట్‌లో దాచిపెడుతుంది. మనల్ని అడగదు. 2024 చివర్లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి ఇది మరీ మామూలైంది. అంతకుముందు కూడా చాలా లాప్‌టాప్‌లలో ఉంది, నా దాంట్లో ఉన్నట్టే. హోమ్ ఎడిషన్ సెటప్‌కి నెట్టూ, మైక్రోసాఫ్ట్ అకౌంటూ ఉండి తీరాలి. షాపు కుర్రాడు ఏం చేశాడంటే, తన సొంత అకౌంట్‌తో సెటప్ ముగించి, 'స్టూడెంట్' అని ఒక లోకల్ యూజర్‌ని తయారుచేసి, తన అకౌంట్ తీసేశాడు. అతని ఉద్దేశంలో శుభ్రంగా తుడిచి ఇచ్చాడు. తాళంచెవి మాత్రం అతని దగ్గరే ఉండిపోయింది. అతనికీ తెలియదు, నాకూ తెలియదు.

షాపుకి వెళ్తే ఆ కుర్రాడు మానేసి ఏడాదైందన్నారు. నంబరు ఇస్తే స్విచాఫ్. బాబాయి రెండు రోజులు తిరిగి, పక్క షాపువాళ్ళని అడిగి, ఆఖరికి అతను ఏలూరులో సెల్‌ఫోన్ల దుకాణంలో చేస్తున్నాడని కనుక్కున్నాడు. పాపం మంచివాడు. నేను ఫోన్లో చెప్పినట్టే లాగిన్ అయి, డివైసెస్ పేజీలో రికవరీ కీల జాబితా తెరిచాడు. కాసేపు ఏం మాట్లాడలేదు. "అమ్మా, ఇక్కడ చాలా ఉన్నాయి" అన్నాడు. అతను సెట్ చేసి ఇచ్చిన లాప్‌టాప్‌ల కీలన్నీ వరసగా ఉన్నాయి. ఎవరెవరివో. నాకైతే ఒళ్ళు జలదరించింది.

అందులో నాది ఏది? నీలం తెర మీద కీ ఐడీ అని ఒకటి కనిపిస్తుంది. దాని మొదటి ఎనిమిది అక్షరాలు చెప్పి జాబితాలో వెతికించాను. దొరికింది. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు. అతను చదువుతుంటే నేను కొట్టాను. మూడో గుంపు దగ్గర తప్పని చెప్పింది. 'ఫైవ్' అన్నది నాకు 'నైన్' అని వినపడింది. అన్నీ కొట్టకముందే మూడో గుంపులో తప్పుందని దానికెలా తెలిసిందని తర్వాత చదివితే, ప్రతి గుంపూ పదకొండుతో నిశ్శేషంగా భాగించబడే సంఖ్యట! పదహారు బిట్ల సంఖ్యని పదకొండుతో గుణించి రాస్తారు. ఎనిమిది పదహార్లు నూట ఇరవై ఎనిమిది బిట్లు. డిజిటల్ ఎలక్ట్రానిక్స్‌లో ఎర్రర్ డిటెక్షన్ పాఠం నాకు ఆ రాత్రి అర్థమైనంతగా క్లాసులో అర్థం కాలేదు.

తాళం తెరుచుకుంది. పాటలు ముప్ఫై ఒకటీ ఉన్నాయి.

దొరకనిది మరొకటుంది. మన దగ్గర అమ్మే చాలా లాప్‌టాప్‌లతో పాటు ఆఫీస్ శాశ్వత లైసెన్సు వస్తుంది. ఆ డబ్బు మనం కట్టిన ధరలోనే ఉంటుంది. అది మొదట ఏ అకౌంట్‌తో యాక్టివేట్ చేస్తే దానికి అంటుకుపోతుంది, తర్వాత మార్చుకోలేం. నాది ఆ కుర్రాడి అకౌంట్‌కి అంటుకుంది. నేను ఇప్పటికీ లిబ్రేఆఫీస్ వాడుతున్నాను. అది ఉచితం, ల్యాబ్ రికార్డులకి ఏ లోటూ లేదు. అయినా నాన్న డబ్బు కట్టిన వస్తువు ఇంకెవరి పేరునో ఉండటం మనసుకి పట్టదు.

అందుకని నేను చెప్పేది ఇది. డబ్బా సీలు మీరే విప్పండి. షాపులో ఆన్ అవుతుందో లేదో, తెర మీద చుక్కలున్నాయో లేదో చూసుకుని, సెటప్ మాత్రం ఇంటికొచ్చి మీ మెయిల్‌తో చేసుకోండి. 'కంటిన్యూ' నొక్కినందుకు వారంటీ పోదు. కాలేజీ ఇచ్చిన మెయిల్ వాడకండి. నాలుగేళ్ళ తర్వాత అది మూసేస్తే మళ్ళీ ఇదే కథ. మీ సొంత మెయిల్, మీ ఫోన్ నంబరు. సెటప్ అయ్యాక బ్రౌజర్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి, డివైసెస్‌లో మీ లాప్‌టాప్ కింద రికవరీ కీ ఉందో లేదో చూడండి. కాగితం మీద రాసుకుని సర్టిఫికెట్ల ఫైల్‌లో పెట్టండి. కీని అదే లాప్‌టాప్‌లో నోట్‌ప్యాడ్‌లో దాచుకున్న మహానుభావురాలు మా రూమ్‌లోనే ఉంది. బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టినట్టు!

ఇప్పటికే షాపులో చేయించేసుకున్నారా? కంగారు పడకండి. ఇంకా ఏమీ దాచుకోకపోతే సెట్టింగ్స్‌లో 'రీసెట్ దిస్ పీసీ'కి వెళ్ళి అంతా తీసేసి, మీ అకౌంట్‌తో మొదటినుంచి మొదలుపెట్టండి. ఫైళ్ళు ఉంటే ముందు వాటిని బయట కాపీ చేసుకుని, మీ అకౌంట్‌తో లాగిన్ అయి, 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ'లో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆపండి. తాళం పూర్తిగా తీయడానికి కొంతసేపు పడుతుంది. ఆగి మళ్ళీ ఆన్ చేయండి. కొత్త కీ పుట్టి మీ అకౌంట్‌లో చేరుతుంది.

సెటప్‌లో ఇంకో చిన్న విషయం. విండోస్ మీ మెయిల్‌లోని మొదటి ఐదు అక్షరాలతో యూజర్ ఫోల్డర్ పేరు పెట్టేస్తుంది. మా క్లాసులో ఒకడి పేరు సగానికి తెగి, నాలుగేళ్ళుగా అలాగే ఉంది. నవ్వుకుని వదిలేయొచ్చు. లోకల్ యూజర్ పెట్టుకుంటే మాత్రం పేరులో ఖాళీ రాకుండా చూసుకోండి. కొన్ని ఇంజినీరింగ్ సాఫ్ట్‌వేర్లు దారిలో ఖాళీ ఉంటే మొరాయిస్తాయి.

తర్వాత అప్‌డేట్లు. కొత్త లాప్‌టాప్ నెట్ తగలగానే వారాల తరబడి పేరుకున్నవన్నీ ఒకేసారి దించుకుంటుంది. రోజుకి రెండు జీబీ ప్యాక్ మీద హాట్‌స్పాట్ ఇచ్చారంటే పది నిమిషాల్లో మీ రోజు అయిపోతుంది. మొదటిసారి కాలేజీ లైబ్రరీ వైఫై దగ్గర కూర్చుని కానివ్వండి. ఆ తర్వాత ఫోన్ హాట్‌స్పాట్‌ని వైఫై ప్రాపర్టీస్‌లో 'మీటర్డ్ కనెక్షన్' అని గుర్తు పెట్టండి. పెద్ద అప్‌డేట్లు చాలావరకు దాని మీద దిగవు.

ముందే వేసి వచ్చిన ట్రయల్ యాంటీవైరస్ తీసేయండి. విండోస్‌తో వచ్చే డిఫెండర్ మనకి చాలు. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ వేయడానికి "ముందు డిఫెండర్ ఆపు" అని ఎవరైనా చెప్తే అక్కడే ఆగండి. వాచ్‌మన్‌ని ఇంటికి పంపి తలుపు తీయమంటున్నారన్నమాట. ఆటోడెస్క్ సాఫ్ట్‌వేర్ విద్యార్థులకి ఉచితంగానే ఇస్తారు. మ్యాట్‌ల్యాబ్‌కి మన కాలేజీ లైసెన్సు ఉందేమో ల్యాబ్ సార్‌ని అడగండి. ఇక్కడ మాత్రం కాలేజీ మెయిల్ పనికొస్తుంది. గిట్‌హబ్ వాళ్ళ స్టూడెంట్ ప్యాక్ కూడా ఉంది.

"అక్కా, 512 జీబీ అని చెప్పి 476 ఇచ్చారు, మోసం!" అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు వస్తారు. మోసం కాదు. తయారుచేసేవాళ్ళు జీబీ అంటే వంద కోట్ల బైట్లని లెక్కేస్తారు. విండోస్ రెండు టు ది పవర్ ముప్ఫై అని లెక్కేస్తుంది. 512ని అలా భాగిస్తే 476 పైచిలుకు వస్తుంది. షాపుల్లో దాన్ని మళ్ళీ సీ డ్రైవ్, డీ డ్రైవ్ అని సగానికి విడగొడతారు. సీ నిండిపోయి డీ ఖాళీగా ఉండే బాధ ఎందుకు? ఒక్కటిగానే ఉండనివ్వండి. డీలో పెడితే భద్రమనుకోవడం భ్రమ. రెండూ ఒకే డిస్కు మీదే ఉంటాయి, పోతే రెండూ పోతాయి.

ఇక ఫస్టియర్‌కి అసలు కావాల్సింది సీ కంపైలర్. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. ల్యాబ్‌లో ఇంకా టర్బో సీ నడుస్తోంది. 1980ల చివర్లో బోర్లాండ్ కంపెనీ డాస్ కోసం తెచ్చినది. 64 బిట్ విండోస్ మీద అది సొంతంగా నడవలేదు, డాస్‌బాక్స్ అనే తొడుగు తొడిగి నడిపిస్తారు. ల్యాబ్ పరీక్షకి అది రావాలి, సరే. మీ లాప్‌టాప్‌లో మాత్రం జీసీసీ వేసుకోండి. రెంటికీ తేడా ఏమిటో ఒక ఫ్యాక్టోరియల్ ప్రోగ్రామ్ రాసి చూడండి. టర్బో సీలో ఇంట్ అంటే పదహారు బిట్లే, 32767 దాటితే పొంగిపోతుంది. ఎనిమిది ఫ్యాక్టోరియల్ 40320 రావాలి. అది మైనస్ 25216 అంటుంది. జీసీసీలో ఇంట్ ముప్ఫై రెండు బిట్లు, పన్నెండు ఫ్యాక్టోరియల్ వరకు సరిగ్గా వస్తుంది, పదమూడుకి అదీ తప్పుతుంది. నా మొదటి ప్రోగ్రామ్ హాస్టల్‌లో ఒకలా, ల్యాబ్‌లో ఒకలా జవాబిస్తే లాప్‌టాప్ పాడైందనుకుని ఏడ్చినంత పని చేశాను.

చాలామంది వీఎస్ కోడ్ వేసుకుని, "రన్ నొక్కితే ఏమీ రావట్లేదక్కా" అంటారు. అది రాసుకునే పలక మాత్రమే. కంపైలర్ విడిగా వేయాలి. ఎంసిస్2 నుంచి జీసీసీ దించుకుని, దాని ఫోల్డర్‌ని 'పాత్'లో చేర్చాలి. పాత్ అంటే ఫలానా పేరు కొడితే ఎక్కడెక్కడ వెతకాలో విండోస్‌కి ఇచ్చే చిరునామాల చీటీ. ఇదంతా గందరగోళమనిపిస్తే కోడ్‌బ్లాక్స్ వేసుకోండి. డౌన్‌లోడ్ పేజీలో మింగ్‌డబ్ల్యూ అని పేరులో ఉన్నదే తీసుకోండి, కంపైలర్ దానితోనే వస్తుంది. పైథాన్ వేసేటప్పుడు మొదటి తెరలో అట్టడుగున పాత్‌కి చేర్చాలా అని ఒక చిన్న పెట్టె ఉంటుంది. దాన్ని టిక్ చేయడం మర్చిపోతే, తర్వాత పైథాన్ అని కొట్టినప్పుడు ప్రోగ్రామ్ బదులు స్టోర్ తెరుచుకుంటుంది.

బ్యాటరీకి ఒక్క మాట. కంపెనీవాళ్ళ యాప్‌లో ఛార్జింగ్ ఎనభై శాతం దగ్గర ఆపే ఏర్పాటు ఉంటే పెట్టుకోండి. పరుపు మీద పెట్టి వాడకండి, గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. వర్షం, ఉరుములు ఉన్నప్పుడు ఛార్జర్ పీకేయండి. ఇది నేను డబ్బు కట్టకుండానే నేర్చుకున్నాను, మీరు అలా నేర్చుకోనక్కర్లేదు.

బ్యాకప్ గురించి ఒక తికమక తీర్చాలి. వన్‌డ్రైవ్ మీ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లని తనంతట తానే పైకి పంపడం మొదలుపెట్టొచ్చు. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. అది నిండాక రోజూ హెచ్చరికలు పెడుతుంది. చోటు కోసమని అక్కడ ఫైళ్ళు తీసేస్తే లాప్‌టాప్‌లోవి కూడా పోతాయి. అది అద్దం లాంటిది, రెండో కాపీ కాదు. నేనైతే దాని ఫోల్డర్ బ్యాకప్ ఆపేసి, కావాల్సినవి గూగుల్ డ్రైవ్‌లో పెట్టుకుంటున్నాను. 15 జీబీ ఇస్తారు, జీమెయిల్, ఫోటోలు కూడా అందులోనే. దాంతోపాటు నెలకోసారి పాత హార్డ్ డిస్కులోకి కాపీ చేసి, డిస్కుని ఇంటి దగ్గర అమ్మకి ఇచ్చి వస్తాను. అమ్మ దాన్ని ధాన్యం రసీదుల పెట్టెలో పెడుతుంది.

చివరిగా మన క్లబ్బు స్వార్థం. సెట్టింగ్స్‌లో 'టైమ్ అండ్ లాంగ్వేజ్' కింద తెలుగు చేర్చండి. మన లాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండే సింగిల్ లాంగ్వేజ్ ఎడిషన్‌లో మెనూల భాష మారదు గాని, కీబోర్డులు ఎన్నైనా చేర్చుకోవచ్చు. తెలుగుకి రెండు రకాలున్నాయి. ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోవడానికి రెండు వారాలు పడుతుంది, తర్వాత చెయ్యి పరుగెడుతుంది. ఫొనెటిక్ అయితే ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టినట్టే, ఈరోజే మొదలుపెట్టొచ్చు. విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. అక్షరాలకి విండోస్‌లోని నిర్మల చాలు. అందంగా కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో మండలి, సురన్న, రామభద్ర ఉచితంగా ఉన్నాయి. డీటీపీ సెంటర్ ఫాంట్లలో కొట్టించి పంపకండి. అవి పైకి తెలుగులా కనపడతాయి గాని లోపల ఇంగ్లీషు గుర్తులే. ఆ ఫాంట్ లేని మెషీన్‌లో తెరిస్తే పిచ్చి గీతలొస్తాయి. పోయిన సంచికకి అలా వచ్చిన ఒక మంచి కథని మేం మళ్ళీ మొత్తం టైపు చేశాం.

అమ్మమ్మ పాటల్ని నేనిప్పుడు ఇన్‌స్క్రిప్ట్‌లోనే రాస్తున్నాను. పన్నెండు అయ్యాయి. పదమూడోదాంట్లో ఒక మాట ఎన్నిసార్లు విన్నా తెలియడం లేదు. ఆదివారం ఊరెళ్ళినప్పుడు లాప్‌టాప్ తీసుకెళ్ళి, ఆవిడ గొంతు ఆవిడకే వినిపించి అడగాలి.